ఒంటి పసుపుకొమ్ము

ఆండాళ్ళు మూడు పసుపుకొమ్ముల తేడాతో ఓడిపోయింది.

ఓడిపోయిన మనిషి తిన్నగా ఇంటికి వచ్చేస్తుంది. ఆవిడ అలా రాలేదు. గెలిచిన వెంకటనరసమ్మకు బొట్టు పెట్టి, ప్రసాదం గిన్నెలు కడిగించి, కమ్యూనిటీ హాలు తలుపులు దగ్గరుండి వేయించి, ఎదురుపడ్డ ప్రతివాళ్ళకీ "ఎవరైతే ఏముందండీ, అంతా అమ్మవారి సేవే కదా" అని చెప్పుకుంటూ వచ్చి, సొంత గేటు గడియ పడ్డాక అప్పుడు మొహం మార్చుకుంది.

వరండాలో పేపరు చదువుతున్న భాస్కరరావు కళ్ళద్దాల పైనుంచి చూశాడు. ముప్పై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పిల్లల మొహాలు చూసి మార్కులు చెప్పగలడు.

"ఎన్ని మార్కుల్లో పోయింది?" అన్నాడు.

"మూడు."

"రీకౌంటింగ్ అడగలేకపోయావా?"

"పసుపుకొమ్ములకు రీకౌంటింగేమిటండీ, మీ చాదస్తం," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. ఆ పూట పప్పులో ఉప్పు పడలేదు. భాస్కరరావు ఆ సంగతి ఎత్తకుండా ఆవకాయ కలుపుకుని తిన్నాడు.

అది వట్లూరులో కుంకుమపూజ మండలి. ఏలూరు పెరిగి పెరిగి వట్లూరు పొలాల మీదికి వచ్చేశాక కట్టిన కాలనీలో, ఇరవై ఏళ్ళ నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం ఆడవాళ్ళంతా హాల్లో చేరి పూజ చేసుకుంటారు. నలభై ఒక్కమంది సభ్యులు. వీళ్ళ పైన తాడేపల్లిగూడెంలో కేంద్ర మండలి ఒకటి ఉంది. దాని కింద ఇలాంటి శాఖలు పదిహేను. కేంద్రం చేసేదల్లా పూజ పుస్తకాలు పంపడం, మాఘమాసంలో ఒకసారి అన్ని శాఖలనూ పిలిచి లక్ష కుంకుమార్చన జరిపించడం.

శాఖ అధ్యక్షురాలికి జీతం లేదు, పెత్తనమూ పెద్దగా లేదు. ఉన్నదల్లా ఒక మైకు. అధ్యక్షురాలు మైకులో నామం చదువుతుంది. మిగతా నలభైమందీ "నమః" అని కుంకుమ వేస్తారు. అర్చకుల ఇంట పుట్టి, అక్షరం పొల్లుపోకుండా చదవగల ఆండాళ్ళు ఇరవై ఏళ్ళుగా ఆ "నమః" అనే గుంపులోనే ఉండిపోయింది. పాత అధ్యక్షురాలి భర్తకు జంగారెడ్డిగూడెం బదిలీ అయిందని తెలిసిన రోజున, ఆవిడ కోసం అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే ఆండాళ్ళు కూడా తుడుచుకుంది గానీ, మనసు మాత్రం మైకు పొడుగు సర్దుకుంటోంది.

పోటీ ఉంటుందని ఆవిడ అనుకోలేదు. వెంకటనరసమ్మ లేచి, "నేనూ నిలబడతానండి, సరదాగా ఉంటాది," అంది. ఆవిడది ఆకివీడు అవతల కొల్లేటి అంచున ఊరు. వరి పొలాల్లో సగం చేపల చెరువులయ్యాక వట్లూరులో ఇల్లు కట్టుకున్నారు. భర్త అబ్బాయిరాజు పొద్దున్నే మోటారుసైకిలు మీద చెరువులకు పోయి, చీకటి పడే వేళకు బురద కాళ్ళతో వస్తాడు. వెంకటనరసమ్మ పెద్దగా చదువుకోలేదు. కానీ ఎవరింట్లో పురుడొచ్చినా, ఎవరికి జ్వరమొచ్చినా, గిన్నెతో ముందు గుమ్మంలో కనిపించేది ఆవిడే.

ఓట్ల పద్ధతి కూడా సరదాగానే పెట్టుకున్నారు. పూజ గదిలో రెండు రాగి చెంబులు. ఒకదాని మెడకు చేమంతులు, అది ఆండాళ్ళుది. ఇంకోదానికి కనకాంబరాలు, అది వెంకటనరసమ్మది. పక్కన పళ్ళెం నిండా పసుపుకొమ్ములు. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని, కొమ్ము తీసి చెంబులో వేసి రావాలి.

లెక్కపెడితే కనకాంబరాల చెంబులో ముప్పై మూడు, చేమంతుల చెంబులో ముప్పై. మొత్తం అరవై మూడు. ఓటు వేసినవాళ్ళు నలభై ఒక్కమంది.

ఒక్క క్షణం అందరూ మొహమొహాలు చూసుకున్నారు. అప్పుడు పాపాయమ్మ అంది. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు, చెవుడు కొంచెం, నోరు ఎక్కువ.

"నేను రెండు వేశానమ్మా. ఒంటి కొమ్ము ఎవరైనా వేస్తారా? ముత్తయిదువ చేతికి ఒక్క వక్క ఇస్తామా, ఒక్క తమలపాకు ఇస్తామా?"

"నేనూ రెండే," అంది ఇంకొకావిడ. "నేనూ," అని మరో పదిమంది. హాలంతా నవ్వులు. ఇద్దరికీ జంటలు పడ్డాయిలే, సరిపోయిందిలే అనుకున్నారు. ఆ నవ్వుల్లో ఆండాళ్ళు కూడా నవ్వింది. ఆవిడ కూడా తన చెంబులో రెండే వేసుకుంది. ఒకటి వేసి చెయ్యి వెనక్కి తీసుకోబోతే, ఏదో అశుభం చేసినట్టు అనిపించి ఇంకొకటి వేసింది. ఆ సంగతి మాత్రం నవ్వుతూ కూడా పైకి చెప్పలేదు.

మొదటి శుక్రవారం వెంకటనరసమ్మ మైకు ముందు కూర్చుంది. అక్షరాల కింద వేలు పెట్టి, చిన్నపిల్ల వాచకం చదివినట్టు చదివింది. విరవకూడని చోట విరిచింది, కలపకూడని చోట కలిపింది. తప్పు వచ్చినప్పుడల్లా తనే నవ్వి, "అమ్మా, తప్పయితే నువ్వే సర్దుకో తల్లీ," అని మైకులోనే అంటుంది. అందరూ నవ్వుతూ "నమః" అంటారు. మామూలుగా ముప్పావుగంటలో అయ్యే పూజ గంటన్నర పట్టింది. ఎవరూ లేచి వెళ్ళలేదు. ఆండాళ్ళు పళ్ళు బిగించి ప్రతి తప్పునూ లెక్కపెట్టింది. పదిహేడు.

అదే సాయంత్రం తాడేపల్లిగూడెం నుంచి ఫోన్ వచ్చింది. లక్ష కుంకుమార్చనకు వట్లూరు శాఖ నుంచి ముప్పైమంది తప్పనిసరిగా రావాలి, అందరూ గంధం రంగు చీరల్లో రావాలి అని కేంద్రం ఆర్డరు. వెంకటనరసమ్మ స్పీకరు పెట్టి మరీ మాట్లాడింది.

"మాఘంలోనాండి? మా వైపు దాళ్వా వరి నాట్లుంటాయండి. చెరువుల్లో చేపల పట్టుబడులుంటాయండి. వీలున్నవాళ్ళు వస్తారండి. ఉన్న చీర కట్టుకునొస్తారండి."

 అవతల నుంచి "సరేనండీ" అని చాలా మెత్తగా వినిపించి ఫోను ఆగిపోయింది.

ఆ ఆదివారం ఆండాళ్ళు తెల్ల కాగితం తీసి, మడత పెట్టి మార్జిను గీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో కేంద్రానికి ఉత్తరం రాసింది. సభ్యులు నలభై ఒకటి, కొమ్ములు అరవై మూడు. 'నాకు పదవీ వ్యామోహం లేదు గానీ, విధానం పట్ల గౌరవంతో' అని కూడా రాసింది. ఆ వాక్యం దగ్గర కొంచెం ఆగి, మళ్ళీ చదువుకుని, బాగుందనుకుంది.

భాస్కరరావు భుజం మీదుగా చదివాడు.

"పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు అవుతుంది, ఆండాళ్ళూ. ఆలోచించుకో."

"న్యాయం అడిగితే తప్పేమిటండీ?"

"అడగడం తప్పు కాదు. ఎవరిని అడుగుతున్నావో చూసుకో. ఇంతకీ నువ్వెన్ని వేశావు?"

"మీరు కాఫీ తాగుతారా, మానేస్తారా?"

ఆయన కాఫీ తాగాడు.

రెండు వారాల్లో తెల్ల కారు వచ్చి హాలు ముందు ఆగింది. దిగినావిడ గీతాంజలి, కేంద్ర మండలి కార్యదర్శి. నలభై అయిదేళ్ళుంటాయి, చీర మడత నలగదు, గొంతు పెరగదు, చేతిలో ఫైలు వదలదు. అందరినీ పేరుపేరునా పలకరించి, ఇచ్చిన మజ్జిగ తాగి, బాగుందని మెచ్చుకుని, అప్పుడు ఫైలు విప్పింది.

"వెంకటనరసమ్మ గారూ, మీరు గెలిచారంటే మాకూ సంతోషమే. కానీ నలభై ఒక్కమందికి అరవై మూడు ఓట్లు పడితే లోకంలో ఎక్కడైనా ఒప్పుకుంటారా అండీ?"

"జంటలేశామండి. ఒంటి కొమ్ము ఎవరేస్తారండి?"

"మరి కొంతమంది ఒకటే వేశారు కదా?"

"వాళ్ళు చదువుకున్నోళ్ళండి," అంది వెంకటనరసమ్మ వినయంగా.

నవ్వులు ఆగేదాకా గీతాంజలి కూడా చిరునవ్వుతో ఆగింది. ఆగాక, ఎన్నిక రద్దు అంది. కాగితం ఓట్లతో మళ్ళీ జరగాలి అంది. అందాకా మైకు కేంద్రం ఆధీనంలో ఉంటుందని చెప్పి, మైకు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని తాడేపల్లిగూడెం వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు కారు దగ్గర ఆండాళ్ళు చెయ్యి పట్టుకుని, "మీలాంటి చదువుకున్నవాళ్ళు ముందుండాలండీ," అంది.

ఎవరో విన్నారు. ఆ రోజు సాయంత్రానికి ఉత్తరం ఎవరు రాశారో కాలనీలో తెలియని పిల్లి కూడా లేదు.

రెండో ఎన్నిక కార్తీకంలో జరిగింది. పోలింగు ఆఫీసరు భాస్కరరావు. ఆయన ఉద్యోగంలో ఉండగా ఎన్నికల డ్యూటీలు లెక్కలేనన్ని చేశాడు. కొల్లేటి లంకలకు పడవలో పెట్టెలు మోయించుకుపోయిన కథలు ఆండాళ్ళుకు కంఠతా వచ్చు. మళ్ళీ అవకాశం వచ్చేసరికి ఆయనకు పదేళ్ళు తగ్గాయి. చీటీలకు నంబర్లు వేశాడు, అట్టపెట్టెకు లక్క సీలు వేశాడు. వేలి మీద గుర్తుకు సిరా దొరక్క పారాణి పెట్టాడు.

"పారాణి కాళ్ళకు కదయ్యా పెట్టేది," అంది పాపాయమ్మ.

"ఇవాళ వేలికేనండీ. రూలు."

"పోనీలే. ఈసారి ఒకటే వెయ్యాలంటగా. ఒక్క చీటీ వెయ్యడానికి చెయ్యి రావట్లేదు, ఖాళీ చీటీ ఇంకోటి జత చెయ్యొచ్చా?"

"చెయ్యకూడదండీ."

ముప్పై అయిదుమంది వచ్చారు. మిగతా ఆరుగురిని ఎందుకు రాలేదని అడిగితే పని ఉందన్నారు. వెంకటనరసమ్మకు ఇరవై నాలుగు, ఆండాళ్ళుకు పదకొండు. భాస్కరరావు భార్య మొహం వంక చూడకుండా ఫలితం చదివి, సంతకం పెట్టి, ఒక కాపీ తాడేపల్లిగూడెం పంపించాడు.

అయిదు రోజుల్లో జవాబు వచ్చింది. పోలింగు ఆఫీసరు ఒక అభ్యర్థి భర్త అయినందున ఎన్నిక రద్దు.

భాస్కరరావు ఆ కాగితం రెండు వైపులా తిప్పి చూశాడు. "నా చేతుల మీదుగా నా పెళ్ళాం ఓడిపోయిందయ్యా," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "ఇంతకంటే నిష్పక్షపాతం ఎక్కడ తెచ్చేది?" రెండు రోజులు ఆయన పేపరు చదవలేదు. అది ఆండాళ్ళును ఓటమి కంటే ఎక్కువ బాధపెట్టింది గానీ, అప్పటికి ఇంకా మైకు కళ్ళముందు కదులుతూనే ఉంది.

మూడో ఎన్నిక తాడేపల్లిగూడెంలోనే పెట్టారు. కేంద్రం కళ్ళముందు జరిగితే అనుమానాలుండవట. మార్గశిరంలో ఒక మంగళవారం, పొద్దున తొమ్మిదింటికి. ఆండాళ్ళు పాసింజరు రైలుకు వెళ్దామని పాపాయమ్మను పిలవడానికి వెళ్ళింది.

"నేను రానమ్మా. రెండుసార్లు వేశాను, రెండుసార్లూ అది కాదన్నారు. ఏది ఆఖరుసారో చెప్పండి, అప్పుడొచ్చి వేస్తాను."

"ఇదే ఆఖరుసారి అండీ."

"పోయినసారీ ఇదే మాట అన్నారు."

రైలు దిగింది ఏడుగురు. వెంకటనరసమ్మ వచ్చింది, "పిలిస్తే రాకపోతే బాగోదు కదండి," అంది. కోరం లేదని గీతాంజలి అందరికీ ఇడ్లీలు పెట్టించి పంపించేసింది. వారం తిరిగేలోగా రిజిస్టరు పోస్టు వచ్చింది. వట్లూరు శాఖ ఎన్నికలు నిరవధికంగా వాయిదా. శ్రీమతి ఆండాళ్ళు గారిని తాత్కాలిక అధ్యక్షురాలిగా నియమించడమైనది. కవరు అడుగున, దూదిలో చుట్టి, మైకు పెట్టె తాళంచెవి.

ఆండాళ్ళు ఆ తాళంచెవిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఇరవై ఏళ్ళ కోరిక. ఇంత చిన్నదిగా ఉంటుందనుకోలేదు.

"వద్దని రాసెయ్యి," అన్నాడు భాస్కరరావు.

"ఒక్క శుక్రవారం చూద్దామండీ. నా చదువు వింటే వాళ్ళే మెచ్చుకుంటారు."

ఆ శుక్రవారం ఆవిడ పట్టుచీర కట్టుకుని, నలభై ఒక్కమందికీ సరిపడా పులిహోర చేయించి, మైకు తుడిచి, పొడుగు సర్ది, కూర్చుంది. ఎదురుగా చాపల మీద ముగ్గురున్నారు. ఒకావిడ కొత్తగా అద్దెకు వచ్చినావిడ, ఆవిడకు సంగతులు తెలియవు. ఇంకొకావిడ ఆండాళ్ళు పక్కింటావిడ, ఆవిడకు మొహమాటం. మూడోది పాపాయమ్మ.

"మీరొచ్చారా, సంతోషమండీ," అంది ఆండాళ్ళు.

"పులిహోర వాసన వచ్చిందమ్మా."

ఆండాళ్ళు చదివింది. ఒక్క అక్షరం తప్పలేదు. అంత బాగా ఎప్పుడూ చదవలేదు. ఆ ఖాళీ హాల్లో ఆవిడ గొంతే గోడకు కొట్టుకుని ఆవిడ దగ్గరికే తిరిగొచ్చింది. పక్కింటావిడ నెమ్మదిగా "నమః" అంది. కొత్తావిడ పెదవులు కదిపింది. పాపాయమ్మ ఒక నామం వెనకబడి, రెండో నామం సగంలో ఉండగా మొదటిదానికి "నమః" అని గట్టిగా అంటోంది. పదో నామం దగ్గర ఆండాళ్ళుకు ఇంకోటి కూడా వినిపించింది. వెనక వీధిలో, వెంకటనరసమ్మ మేడ మీద నుంచి, మైకు లేకుండా, ముప్పై గొంతుల "నమః". దాని వెనకే నవ్వు. ఎక్కడో విరవకూడని చోట విరిచి ఉంటుంది.

పులిహోర మూడు రోజులు తిన్నారు, భార్యాభర్తలు. నాలుగో రోజున ఆండాళ్ళు కేంద్రానికి రాజీనామా రాసింది. మార్జిను గీయలేదు. గీతాంజలి ఫోన్‌లో ఎప్పటిలాగే మెత్తగా చెప్పింది: "తాత్కాలిక అధ్యక్షురాలు రాజీనామా చేయాలంటే కొత్తగా ఎన్నికైనవాళ్ళకు అప్పగించాలండీ. ఎన్నికలు వాయిదాలో ఉన్నాయి కదా. మీరే కొనసాగాలి. అన్నట్టు, లక్ష కుంకుమార్చనకు ముప్పైమంది, గంధం రంగు చీరలు. మీరున్నారనే ధైర్యం."

ఆండాళ్ళు ఫోను పెట్టేసి, చెప్పులేసుకుని, వెనక వీధికి వెళ్ళింది.

వెంకటనరసమ్మ వాకిట్లో పీట మీద కూర్చుని కొరమేను బాగుచేయిస్తోంది. ఆండాళ్ళును చూడగానే లేచి, చేపలున్న పళ్ళెం కనిపించకుండా పక్కకు పెట్టించి, చేతులు కడుక్కుని వచ్చింది.

"రండి రండి. లోపలికి రండి. ఈ వాసన మీకు పడదేమోనండి."

"ఫర్వాలేదండీ." కుర్చీ అంచున కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ముప్పైమంది కావాలట," అంది. "నేను అడిగితే ఎవరూ రారు."

"ఎందుకు రారండి? అమ్మవారి పూజకు రండని పిలిస్తే వస్తారండి. రావాలి అంటేనే రారు." వెంకటనరసమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "మీరొక్కరే వెళ్ళారనుకోండి, వట్లూరు అని బోర్డెట్టి ముప్పై కుర్చీలు ఖాళీగా కనబడతాయండి. మనూరి పరువు పోద్ది. నేను చెప్తాలెండి."

"మీకెందుకండీ ఈ శ్రమ? నేను మీకు..."

"కాఫీ తాగుతారాండి? గిన్నెలు వేరేగా ఉన్నాయండి మీకోసం."

ఆండాళ్ళు కాఫీ తాగింది. చెప్పవలసిన ఒక్క ముక్క చెప్పకుండానే లేచి వచ్చింది.

మాఘంలో ఇరవై తొమ్మిదిమంది రైలెక్కారు. చీరలు ఇరవై తొమ్మిది రంగులు. తాడేపల్లిగూడెంలో కల్యాణమండపం నిండా గంధం రంగు. మధ్యలో వట్లూరు వాళ్ళు పూలతోటలా కూర్చున్నారు. గీతాంజలి చూసింది గానీ, అంతమంది ముందు ఏమీ అనలేదు. పూజ బాగా జరిగింది. కుంకుమ కొండలా పడింది. హారతి అయ్యాక, ఇంకా కళ్ళకద్దుకుంటుండగానే, గీతాంజలి మైకు తీసుకుంది.

"చిన్న లాంఛనం ఉందండీ. ప్రస్తుత కేంద్ర కార్యవర్గమే మరో మూడేళ్ళు కొనసాగాలని తీర్మానం. అమ్మవారి ఎదుట చేతులెత్తి ఆమోదించండి. రూలు ప్రకారం లెక్క మినిట్స్‌లో రాయాలి, దించకండి."

చేతులు లేచాయి. వరస చివర ఇద్దరు అమ్మాయిలు లెక్కపెడుతూ వస్తున్నారు. ఆండాళ్ళు పక్కన కూర్చున్న పాపాయమ్మ కూడా ఎత్తింది, దేవుడి ముందు ఎత్తినట్టు, రెండు చేతులూ.

"ఒక్కటే అండీ, ఒక్కటే," అని ఆండాళ్ళు ఆవిడ మోచెయ్యి పట్టుకోబోయింది.

"అమ్మవారికి ఒంటి చేత్తో దణ్ణం పెడతామా?"

ఆండాళ్ళు చెయ్యి మధ్యలో ఆగిపోయింది. దించుకోవచ్చు, లేదా ఎత్తవచ్చు. దించుకుంటే తాళంచెవి తన దగ్గరే ఉంటుంది. ఆవిడ ఒకసారి వేదిక మీది గంధం రంగు కుచ్చిళ్ళ వంక చూసి, అప్పుడు తన రెండు చేతులూ, గాజులు మోచేతుల దాకా జారేలా, పైకెత్తింది.

వెనక వరసలోంచి వెంకటనరసమ్మ చూసింది. తనూ రెండెత్తింది. ఆవిడ వెనక ఇరవై ఆరుమందీ.

వచ్చినట్టు సంతకాలు పెట్టినవాళ్ళు నూట అరవై రెండు. చేతులు నూట తొంభై ఒకటి. లెక్కపెట్టిన అమ్మాయిలు చీటీ తెచ్చి ఇచ్చాక, గీతాంజలి మొహంలో మొదటిసారి మడత నలిగింది. ఆవిడ చీటీ మడిచి, "ఏకగ్రీవం," అంది.

ఆండాళ్ళు లేచి నిలబడింది. మైకు లేదు. అక్కర్లేకపోయింది, ఆ గొంతు ముందునుంచీ అలాంటిదే.

"ఏవండీ, చిన్న సందేహం. మనుషుల కంటే చేతులు ఎక్కువయ్యాయి కదండీ. మా వట్లూరులో నలభై ఒక్కమందికి అరవై మూడు కొమ్ములు పడ్డాయని మీరు రద్దు చేశారు. మరి ఇదీ రద్దేనాండీ?"

వంటవాళ్ళ దగ్గర గరిటె చప్పుడు వినిపిస్తోంది.

"అది వేరు, ఇది వేరు అండీ," అంది గీతాంజలి.

"అవునండీ. అక్కడ ఫిర్యాదు రాయడానికి నేనున్నాను." ఆండాళ్ళు వట్లూరు వరసల వైపు తిరిగింది. "ఆ ఉత్తరం రాసింది నేనే. రెండు కొమ్ములు వేసినవాళ్ళలో కూడా నేనున్నాను. నా చెంబులో నేనే వేసుకున్నాను. ఆ ముక్క ఉత్తరంలో రాయలేదు."

ఎక్కడో ఎవరో కిసుక్కున నవ్వారు. పాపాయమ్మ ఆండాళ్ళు చీర కొంగు లాగి, అందరికీ వినిపించేంత గుసగుసగా అంది: "నాకు తెలుసమ్మా. నీ వెనకే లోపలికెళ్ళింది నేను. నీ చెంబులో కొమ్ములు రెండుసార్లు టంగుమన్నాయి. చెవిటిదాన్ని నాకే వినబడింది."

"చర్చించి చెబుతాం. భోజనాలకు లేవండి," అంది గీతాంజలి.

లోకం తలకిందులు కాలేదు. పై నెల వచ్చిన కేంద్ర మండలి పత్రంలో 'కార్యవర్గం ఏకగ్రీవంగా ఎన్నిక' అనే అచ్చయింది. దానితోపాటు ఇంకో కాగితం: క్రమశిక్షణ తప్పినందుకు ఆండాళ్ళు గారిని తొలగించడమైనది, వట్లూరు శాఖ గుర్తింపు రద్దు, తాళంచెవి వెంటనే తిప్పి పంపవలెను. భాస్కరరావు ఆ కాగితాన్ని ఇష్టంగా రెండుసార్లు చదివాడు. "మైకు మనం కొన్నది. పెట్టె మనం చేయించింది. తాళం ఒక్కటే వాళ్ళది. అది పంపించెయ్," అన్నాడు. ఆండాళ్ళు తాళాన్నీ తాళంచెవినీ దూదిలో చుట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో చిరునామా రాసి, పోస్టులో వేసింది.

మైకు తీసుకుని వెంకటనరసమ్మ ఇంటికి వెళ్తే ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేనలా తీసుకోనండి. వాళ్ళిస్తే మీరు తీసుకున్నారు, మీరిస్తే నేను తీసుకుంటే తేడా ఏముందండి? అందర్నీ పిలవండి. వేస్తే తీసుకుంటాను. మీకు వేస్తే మీరు చదవండి, నేను నమః అంటాను."

అలా మర్నాడు పొద్దున్నే ఆండాళ్ళు పళ్ళెంలో పసుపుకొమ్ములు పోసుకుని ఇంటింటికీ బయలుదేరింది. ఇంతకుముందు ఓటడగడానికి నవ్వుతూ వెళ్ళిన ఇళ్ళే. ఇప్పుడు గుమ్మాల్లో మాటలు పొట్టిగా ఉన్నాయి. ఒకావిడ "చూస్తానండీ" అంది. ఇంకొకావిడ "మళ్ళీనా?" అంది. మూడో ఇంట్లో లోపల టీవీ మోగుతోంది గానీ తలుపు తీయలేదు. ఆండాళ్ళు ఆ గుమ్మం ముందు కాసేపు నిలబడి, ఆ ఇంటి కొమ్ము గడప మీద పెట్టి వచ్చింది.

పాపాయమ్మ అరుగు మీద కూర్చుని కరివేపాకు దూస్తోంది.

"శుక్రవారం మళ్ళీ ఓట్లు పెట్టుకుంటున్నామండీ. మన శాఖ మనదే. పైన ఎవరూ లేరు. రద్దు చేసేవాళ్ళు లేరు. మీరు తప్పకుండా రావాలి."

"ఇది లెక్కపెట్టేదా, లెక్కపెట్టనిదా?"

"లెక్కపెట్టేదే అండీ."

"గెలిచినావిడ గెలిచినట్టేనా?"

"గెలిచినట్టే."

"నువ్వు ఓడిపోతే?"

ఆండాళ్ళు కరివేపాకు రెమ్మ ఒకటి తీసి, ఆకులు దూసి, పాపాయమ్మ చాటలో వేసింది. "ఓడిపోతే పప్పులో ఉప్పు మరిచిపోతానండీ. అంతే. ఉత్తరం రాయను."

పాపాయమ్మ ఆవిడ మొహంలోకి చూసింది, బేరం ఆడేముందు వంకాయను చూసినట్టు. తర్వాత పళ్ళెంలో చెయ్యి పెట్టి, అలవాటుగా రెండు కొమ్ములు తీసింది.

"ఈసారి ఒకటే అండీ. అందరికీ ఒకటే ఇస్తున్నాను."

"ఒంటిదా?"

"ఒంటిదే."

పాపాయమ్మ ఒక కొమ్మును కొంగు చివర ముడి వేసుకుంది. రెండోదాన్ని తిప్పి తిప్పి చూసి, ఆండాళ్ళు అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఇది నీ దగ్గరే ఉంచమ్మా," అంది. "మళ్ళీ పెడతారుగా."